నెలసరి ఆగే వయసులో కొవ్వు శాతం చూపే వెయింగ్ మెషీన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నెలసరి క్రమం తప్పడం మొదలైన రోజుల్లో కొన్న ఈ మెషీన్‌ను, అది పూర్తిగా ఆగి కొన్నేళ్లు గడిచాక కూడా వాడుతున్నాను. బరువు చూపడంలో దీనికి వంక పెట్టలేను. అయితే ఈ కాలమంతటా నా బరువు కొద్దిగానే పెరిగినా, జాకెట్లన్నిటికీ లోపల వదిలిన కుట్లు విప్పించవలసి వచ్చింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గిన కొద్దీ, అంతవరకు తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టకు, పొట్ట లోపలి అవయవాల చుట్టూ మళ్లుతుంది. అమెరికాలో 1990ల మధ్యలో మొదలై స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనం, ఈ దశలో కొవ్వు చేరే వేగం పెరుగుతుందనీ, కండ తగ్గుతుందనీ, చివరి నెలసరి తర్వాత సుమారు 2 ఏళ్ల వరకు ఇది సాగుతుందనీ చూపింది. ఒకటి పెరిగి మరొకటి తగ్గడం వల్ల ఆ మార్పు కిలోల లెక్కలో చాలావరకు కనబడదు.

కనబడని ఆ మార్పును చూపుతుందనే ఆశతోనే ఎవరైనా దీనికి ఎక్కువ డబ్బు పెడతారు. నా అసంతృప్తి కూడా అక్కడే. ఇది అరికాళ్ల ద్వారా స్వల్ప విద్యుత్తును పంపి, ఒంట్లో దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. ఆ విద్యుత్తు ప్రధానంగా కాళ్ల గుండానే పోతుంది కనుక, మనకు తెలియవలసిన పొట్ట సంగతిని మెషీన్ నేరుగా కొలవదు, ఎత్తు, వయసు వంటి వివరాలతో లెక్క కడుతుంది. పైగా ఒంట్లో నీరు తగ్గితే నిరోధం పెరుగుతుంది. రాత్రంతా వేడి ఆవిర్లతో చెమటలు పట్టిన మర్నాడు, ఏమీ తినకుండానే నా కొవ్వు శాతం పెరిగినట్టు చూపేది. లోపలి కొవ్వుకు ఇది ఇచ్చే అంకెను నేను చూడడం మానేశాను.

దర్జీ టేపు ఇంతకన్నా నమ్మకంగా పనిచేసింది. నడుము చుట్టుకొలతను చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్య, ఊపిరి మామూలుగా వదిలాక తీసుకోవాలి. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లను హద్దుగా వైద్యులు పరిగణిస్తారు. డంబెల్స్‌తో వ్యాయామం మొదలుపెట్టాక బరువు దాదాపు కదలలేదు గాని, నడుము కొలత తగ్గింది. అందువల్ల కొనదలచినవారికి సాదా డిజిటల్ మెషీన్, టేపు చాలునని నా అభిప్రాయం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం విద్యుత్తు పంపే ఈ రకాన్ని అసలు వాడకూడదు. ఇంట్లో అత్తగారో అమ్మో ఉంటే ఈ మాట ముందే చెప్పి ఉంచండి.