ఆవుల సీమలో ఆరేళ్ల టైరు

టైరు మీద అచ్చయిన నాలుగంకెలు చూసుకోనందుకు మాకు 681 డాలర్లు వదిలాయి. ఆ అంకెలు 2119. అంటే 2019వ సంవత్సరం ఇరవై ఒకటో వారంలో తయారైన టైరు. దాన్ని 2025 ఏప్రిల్‌లో, కొత్త టైరు ధరకు, మా ఊళ్లోనే కొన్నాం. ఆ తేదీ తరచుగా టైరుకు ఒకవైపే ఉంటుంది. మాకు బిగించిన టైరులో అది లోపలివైపు తిరిగి ఉంది. కావాలని చేశారో, యథాలాపంగా జరిగిందో దేవుడికే తెలియాలి.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో. మా ఇంటి దగ్గర నుంచి పోయే 50వ నంబరు హైవేనే నెవాడాలోకి వెళ్లాక ‘అమెరికాలో అత్యంత ఒంటరి రోడ్డు’ అవుతుంది. 1986లో లైఫ్ పత్రిక పెట్టిన పేరది. ఫాలన్ దాటితే ఆస్టిన్ దాకా నూట పది మైళ్లు, అక్కడి నుంచి యురేకాకు డెబ్బై, మళ్లీ ఈలీకి డెబ్బై ఏడు. జూన్‌లో మా ఆయన, నేను, గుంటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అత్తయ్య బయలుదేరాం. గురువారం ప్రయాణం హాయిగా సాగింది. పులిహోర మధ్యాహ్నానికే అయిపోయింది.

ఆవు బొమ్మ ఉన్న పసుపుపచ్చ బోర్డు మొదటిసారి కనిపించినప్పుడు అత్తయ్య, “ఇంత రోడ్డుకు కంచె వేయలేదా?” అన్నారు. వేయలేదు. అది ఓపెన్ రేంజ్, అంటే పశువులను కంచె లేకుండా వదిలి మేపే నేల. నెవాడా చట్టం ప్రకారం అలాంటి చోట పశువును రోడ్డెక్కకుండా చూసే బాధ్యత యజమానిది కాదు. మన బండి గుద్దుకుంటే ఆ నష్టానికీ ఆయన జవాబుదారీ కాదు. చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తోలించిన చేతులు అత్తయ్యవి. ఈ న్యాయం ఆమెకు ఎంతకీ మింగుడుపడలేదు.

శుక్రవారం గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు. లేమన్ గుహలు బాగున్నాయి, రాత్రి ఆకాశం అంతకన్నా బాగుంది. చిక్కు రాత్రి ఈలీలో మేం దిగిన మోటల్‌కు తిరిగొచ్చేటప్పుడు మొదలైంది. పార్కు పక్కనున్న బేకర్ నుంచి ఈలీకి అరవై మైళ్ల పైచిలుకు, వీధిదీపం ఒక్కటి లేదు. మా ఆయన డెబ్బైలో పోనిస్తున్నారు. గంటకు అరవై మైళ్ల వేగంలోనే బండి సెకనుకు 88 అడుగులు పోతుంది. అక్కడి ఆవులు చాలావరకు నల్లటి ఆంగస్ జాతివి. డిమ్ లైట్ల వెలుగు వాటి కాళ్ల దగ్గరే ఆగిపోతుంది, పైనున్న నల్లటి ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది. తల వంచి మేస్తుంటే కళ్ల మెరుపు కూడా కనిపించదు. అత్తయ్య గొణుగుడు భరించలేక ఆయన నలభై ఐదుకు దించారు, మొహం ముడుచుకుని.

పది నిమిషాలు కాలేదు, కుడి అంచున ఒక ఆవు, కదలకుండా నిలబడి ఉంది. పక్కనుంచి దాటేద్దామని ఆయన స్టీరింగ్ తిప్పబోయారు. “ఆగు నాయనా, దాని దూడ అటుపక్క ఉన్నట్టుంది, చూపంతా అటే ఉంది” అన్నారు అత్తయ్య. బండి ఆగింది. ఎడమవైపు పొదల్లోంచి ఒక దూడ లేచి నిలబడింది. తల్లి తీరిగ్గా, మా బానెట్‌కు మూరెడు దూరంలో, రోడ్డు దాటి దాని దగ్గరికి వెళ్లింది. చెవికి వేలాడుతున్న పసుపు బిళ్ల మీది నంబరు కూడా చదవగలిగాం.

అందుకని నా మాట: అక్కడ చీకటి పడ్డాక బండి తీయకండి. తప్పకపోతే ఎదురుగా బండి లేనంతసేపూ హై బీమ్ వేసుకుని, యాభై లోపే పొండి. ఆవు అడ్డం వస్తే తిన్నగా బ్రేకు తొక్కండి, స్టీరింగ్ పక్కకు తిప్పకండి. పశువును గుద్దితే నష్టం మామూలుగా కాంప్రిహెన్సివ్ బీమా (మామూలు ఢీకొట్టుడు కాని నష్టాలకు ఇచ్చేది) కిందకు వస్తుంది. దాన్ని తప్పించబోయి గుంతలో పడితే కొలిజన్ బీమా (బండి దేన్నయినా ఢీకొంటే ఇచ్చేది) కిందకు పోతుంది. రెండూ ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి.

శనివారం పొద్దున ఈలీ దగ్గరి వార్డ్ బొగ్గు బట్టీలు చూసి మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టాలనుకున్నాం. 1876లో వెండి గనుల కోసం కట్టినవి, ముప్పై అడుగుల ఎత్తున తేనెతుట్టెల్లా ఆరు నిలబడి ఉంటాయి. అక్కడికి కంకర రోడ్డు. పశువులు దాటకుండా దారికి అడ్డంగా ఇనుప గొట్టాలు పరిచిన చోట బండి గడగడలాడింది. ఆ తర్వాత కాసేపటికే ఉస్సుమన్న చప్పుడు. వెనక కుడి టైరు పక్కభాగం బొటనవేలంత చీలింది.

మాది ఏడు సీట్ల హైబ్రిడ్ వ్యాను. స్టెప్నీ ఇవ్వలేదు, బదులుగా ఒక జిగురు సీసా, గాలి కొట్టే మిషను ఇచ్చారు. మేకు గుచ్చుకుంటే జిగురు పనికొస్తుందేమో, పక్కగోడ చీలితే దండగ. ఫోనుకు సిగ్నల్ లేదు. పశువుల దాణా వేసుకుని వెళ్తున్న పికప్ ఆయన మా ఆయన్ని ఊళ్లోకి తీసుకెళ్లారు. లాగుడు బండికి 265 డాలర్లు. ఈలీకి చేరేసరికి టైర్ల షాపు మూసేశారు, ఆదివారం సెలవు. మోటల్లో శనివారానికి 129, ఆదివారానికి 94. అంతకుముందు రెండు రాత్రులూ అదే గదికి 94 చొప్పునే ఇచ్చాం. శనివారం కంపేమీ తగ్గలేదు, రేటు మాత్రం పెరిగింది. పరుపులో ఏళ్లనాటి సిగరెట్ వాసన. అత్తయ్య రెండు రాత్రులూ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పడుకున్నారు. మా ఆయన నాతో మాట్లాడలేదు, ఎందుకంటే మా ఊళ్లో ఆ టైరు కొన్న షాపును చూసిపెట్టింది నేనే.

సోమవారం పొద్దున షాపాయన టైరు విప్పి, లోపలివైపు బొటనవేలితో మట్టి తుడిచి, ఆ నాలుగంకెలు చూపించారు. తలుపు దగ్గరి చీటీలో 36 పౌండ్ల గాలి అని ఉంటే, మిగతా మూడింటిలో 48 ఉందన్నారు. అంత బిగువుగా ఉంటే రాయి మీద టైరు సాగదు, తెగుతుంది. కొత్త టైరు, బిగింపు కలిపి 193. మిగతా వాటికి గాలి సరిచేసినందుకు ఏమీ తీసుకోలేదు. అత్తయ్యకు కుర్చీ వేసి కాఫీ కూడా ఇచ్చారు.

అలాంటి రోడ్లకు పెద్ద రిమ్ము అందం వద్దు. 235/50 కొలతలో (235 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 50 శాతం పక్కగోడ ఎత్తు), ఇరవై అంగుళాల రిమ్ము మీద, పక్కగోడ ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే 235/65, పదిహేడు అంగుళాలైతే పదిహేను దాటుతుంది. రాయి దెబ్బకు ఆ మూడు సెంటీమీటర్ల రబ్బరే అడ్డు. పికప్ ఉన్నవాళ్లు ఎల్‌టీ రకం (లైట్ ట్రక్కులకు చేసేవి), ఎక్కువ బరువు మోసే ‘లోడ్ రేంజ్ ఈ’ టైర్లు తీసుకోవచ్చు. వ్యానుకు అవి వద్దు, నడుములు విరుగుతాయి.

ఇంటికొచ్చాక మా ఊరి షాపుకు వెళ్లాను. “టైరుకు గడువు తేదీ ఉండదు, రాయి దెబ్బకు వారంటీ వర్తించదు” అన్నాడు. పోనీ అని, వచ్చేసారి నాలుగు కొంటే ఇరవై డాలర్లు తగ్గిస్తానన్నాడు. కూపన్ అక్కడే వదిలేసి, వేరేచోట 240 డాలర్లకు రిమ్ముతో సహా పూర్తి కొలత స్టెప్నీ కొన్నాం. వెనక సీట్ల దగ్గర దాన్ని పట్టీతో కట్టాం. అత్తయ్య ఆవకాయ జాడీ ఇప్పుడు దాని నడిమధ్య, సరిగ్గా పట్టినట్టు కూర్చుంటోంది.