పోటాగఢ్‌కి వెళ్లండి, కారులో మాత్రం వద్దు

ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగి కూడా పోటాగఢ్ చూడని తెలుగువాళ్లు బోలెడుమంది. కోట గంజాం ఊరి దగ్గరే, ఋషికుల్య నది సముద్రంలో కలిసే వైపు. తప్పకుండా చూడాలి. కానీ ముందు కారు సంగతి చెప్పాలి.

రానూపోనూ 1,400 అని ఒప్పుకున్న డ్రైవరు, మేం కోట దగ్గర దిగగానే ఫోన్లో టైము చూసుకున్నాడు. వెనక్కి వచ్చేసరికి వెయిటింగ్‌కి 400, ఏసీ వేసినందుకు 200 కలిపి 2,000 అయిందన్నాడు. ఏసీ వేయమని ఎవరూ అడగలేదు! మోకాళ్లు పట్టేసిన అత్తయ్య "ఇచ్చేయండి బాబూ, ఇంటికి పోదాం" అనేసరికి అతనికి ఇంకా బలం వచ్చింది. మా బావమరిది ఛత్రపురం దాటేవరకూ తగువు పెట్టుకుంటూనే ఉన్నాడు. భువనేశ్వర్ వైపు వెళ్లే బస్సెక్కి గంజాంలో దిగి, ఆటో మాట్లాడుకోండి. హాయిగా ఉంటుంది.

కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. 1768లో గంజాంకి ఇంగ్లీషు రెసిడెంటుగా, అంటే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ పేరు దీనితో ముడిపడి ఉంది. అప్పట్లో జిల్లాకి ముఖ్య పట్టణం గంజామే. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి జనం పిట్టల్లా రాలిపోతే దొరలు ఊరు ఖాళీ చేశారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనదంతా మద్రాసు కిందే కదా, మా ఇళ్లలో తెలుగు నిలిచిందీ అందుకే.

ఇలాంటి కోటని బాగుచేయడమంటే రంగు వేసి లైట్లు పెట్టడం కాదు. పాత గోడకి సున్నం గచ్చే పట్టాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, ఉప్పు పేరుకుని గోడ పొరలు పొరలుగా రాలుతుంది. సముద్రం పక్కన ఇంకా తొందరగా. ఆ తర్వాత దానికో పని కూడా ఇవ్వాలి. తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో డెన్మార్క్ వాళ్లు 1620లో తమిళనాడు తీరాన తరంగంబాడిలో కట్టిన డాన్స్‌బోర్గ్ కోటలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఇక్కడా రెండు గదుల్లో గంజాం చరిత్ర పెడితే చాలు, బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. ఫొటో షూట్లకి మాత్రమే వదిలేస్తే కోటకి ఒరిగేదేమీ లేదు.

తిండి విషయంలో మాత్రం అదృష్టం. రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్లో అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన ఒడిశా పప్పు), పీతల కూర మనిషికి 130. వడ్డించిన ఆవిడ మా మాట వినగానే ఒరియా మాని తెలుగులోకి దిగింది, అత్తయ్యకి అడక్కుండానే ఇంకో పీత వేసింది. మోకాళ్ల నొప్పి కాసేపు ఎవరికీ గుర్తు రాలేదు.

ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే ఋషికుల్య ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. ఏటా తప్పకుండా వస్తాయన్న నమ్మకం లేదు. ముందే ఊళ్లో వాళ్లని అడిగి బయల్దేరండి. టార్చిలైట్లు, ఫ్లాష్‌లు వాడకండి.