వాలు ఫ్రెట్ల బాస్‌తో నాలుగేళ్లు

మా బావ అమెరికా నుంచి ఈ అయిదు తీగల బాస్ గిటార్ తెచ్చిన రోజు, కేసు తెరవగానే ముందు చూసింది మా పక్కింటి వడ్రంగి పెద్దాయన. ఒక కన్ను మూసి మెడ పొడవునా చూసి, "గింత పైసల్ పోసి గిదా తెచ్చుకున్నది? పట్టీలన్నీ వంకర కొట్టిండు. వాపస్ ఇయ్యరాదు బిడ్డా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మెడ మీద తీగల కింద అడ్డంగా ఉండే ఆ లోహపు పట్టీలనే ఫ్రెట్లంటారు; నా దాంట్లో ఏడో ఫ్రెట్ ఒక్కటే నిటారుగా ఉంటుంది, అక్కణ్నుంచి కిందవి ఒకవైపు, పైవి ఇంకోవైపు విసనకర్రలా వాలిపోతాయి.

చెక్క ఏమిటి, పికప్‌లు ఏమిటి, ప్రీయాంప్‌కు ఎన్ని నాబ్‌లు అనే సంగతులు వదిలేస్తున్నా. ఇంత ధర పెట్టే వాటిలో అవన్నీ బాగానే ఉంటాయి. తయారు చేసింది చిన్న వర్క్‌షాప్, పేరు రాయను. నాది సెకండ్ హ్యాండ్, అయినా నా స్కూటీ కంటే ఖరీదే. ఈ నాలుగేళ్లలో నాకు చెప్పాలనిపించేది ఆ వాలు ఫ్రెట్ల గురించే.

1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బాస్ వచ్చినప్పటి నుంచి 34 అంగుళాల స్కేలే, అంటే తీగ మోగే పొడవే, మామూలు కొలత. నాలుగు తీగలకు అది చాలు. వాటికంటే కింది శ్రుతిలో అయిదోదిగా 'బి' తీగ చేరాకే తంటా. సెకనుకు దాదాపు 31 కంపనాలు, లావుపాటి తీగ, అదే పొడవు. కుక్కి మంచం నులకలా వదులుగా ఊగుతుంది. నా దాంట్లో 'బి' తీగ 37 అంగుళాలు, అక్కణ్నుంచి ఒక్కో తీగకు ముప్పావు అంగుళం తగ్గుతూ 'జి' దగ్గర 34కి వస్తుంది. తీగల పొడవులు వేరు కాబట్టే ఫ్రెట్లు వాలాల్సి వచ్చింది. అదే లావు తీగ, అదే శ్రుతి అయినా 37 అంగుళాల దగ్గర బిగువు సుమారు 18 శాతం పెరుగుతుంది. డప్పును మంటకు కాపక ముందు, కాపిన తర్వాత మోత విన్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దంలోనే ఆర్ఫేరియన్ అనే వాద్యానికి ఇలాంటి వాలు మెట్లు ఉండేవి. మన కాలంలో గిటార్ మీద దీనికి పేటెంట్ తీసుకున్నది రాల్ఫ్ నోవాక్, 1989లో. బాస్‌లలో కెనడాలోని డింగ్‌వాల్ వాళ్ల 37-34 కొలత బాగా పేరున్నది.

మొదటి ఆరు నెలలు కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను, ఇక మామూలు బాస్ ముట్టనని. చర్చిలో 'బి' తీగ మీటితే బెంచీల కింద నేల పలికేది. వేళ్లకు అలవాటవడానికి నెల కూడా పట్టలేదు. మొదటి రెండు ఫ్రెట్ల దగ్గర మాత్రం చాచాలి. నా వేళ్లు పొట్టివి, మూడు గంటలు వాయిస్తే మణికట్టు ఇప్పటికీ లాగుతుంది. అప్పట్లో ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు కథ. పోయినేడు కరీంనగర్‌లో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం. రెండు రోజుల ముందు ప్రాక్టీసులో 'బి' తీగ బ్రిడ్జి దగ్గర, అంటే ఒంటి మీద తీగలు కట్టే చోట, పుటుక్కుమంది. బాస్ తీగ తెగడం చాలామంది జన్మలో చూసి ఉండరు. చెమటకు తుప్పు పట్టిందని తర్వాత తెలిసింది. హనుమకొండలో గిటార్ తీగలు దొరుకుతాయి గానీ అయిదు తీగల బాస్ సెట్ ఎవరూ పెట్టరు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే సాయంత్రానికి కొని కార్గోలో వేశాడు. మర్నాడు పొద్దున బస్టాండ్‌లో తీసుకున్నా. ప్యాకెట్ మీద 'లాంగ్ స్కేల్' అని చూసి హమ్మయ్య అనుకున్నా.

తీగల వాళ్ల లెక్కలో 'లాంగ్' అంటే మామూలు 34 అంగుళాలే. నాకు కావాల్సింది దానికి మించిన పొడవు. ఇరవై ఏళ్లుగా వాయిస్తూ ఆ మాట అర్థం నాకు తెలియదంటే సిగ్గుగానే ఉంది, కానీ 34 వాయించేవాడికి తెలుసుకునే అవసరం ఎప్పుడొచ్చింది?

తీగ ఎక్కించి బిగిస్తుంటే, కొసకు చుట్టిన రంగు దారం నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దాకా పోకుండా ఫ్రెట్‌బోర్డు మీదే ఆగింది. అంగుళంన్నర తక్కువ. లావు భాగం అక్కడితో అయిపోయి, సన్నని కొస నట్ గాడిలో పుల్లలా ఆడుతోంది. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఖాళీ తీగ మీటితే తడి బట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడు. మొదటి ఫ్రెట్ నొక్కితే మాత్రం చక్కగా పలికింది, ఎందుకంటే అక్కణ్నుంచి బ్రిడ్జి దాకా అంతా లావు తీగే. అంటే మూడంగుళాలు పెంచి సంపాదించిన ఆ ఒక్క స్వరం తప్ప అన్నీ ఉన్నాయి!

అలాగే బయల్దేరాను. హుజూరాబాద్ దాటేదాకా పాటల చిట్టా ముందేసుకుని ఎక్కడ ఖాళీ 'బి' వస్తుందో గీతలు పెట్టుకున్నా. స్టేజీ మీద అది వచ్చినప్పుడల్లా 'ఇ' తీగ ఏడో ఫ్రెట్ దగ్గర పై 'బి' పట్టి గట్టెక్కాను. పెళ్లివాళ్లెవరూ పట్టించుకోలేదు. మా కీబోర్డు తమ్ముడొక్కడే మధ్యలో వంగి, "అన్నా, ఇయ్యాల నేల అదురుతలేదేంది?" అన్నాడు.

ఇప్పుడు బావ వచ్చినప్పుడల్లా పొడవు సెట్లు రెండు తెప్పించుకుంటున్నా. ఒక్కో సెట్ డబ్బుకు ఇక్కడ మామూలువి రెండు కొనొచ్చు. మెడ పొడవు వల్ల మామూలు బ్యాగులో పెడితే జిప్పు పడదు, దాని సొంత కేసు ఆటోలో అడ్డంగా పట్టదు. అందుకే బరాత్‌కు పాత నాలుగు తీగల బాసే పట్టుకెళుతున్నా. ముట్టనని అన్నది నేనే.

మరి చిన్న ఫంక్షన్ హాలు స్పీకర్లు 31 కంపనాల దాకా దిగుతాయా అంటే, చాలావరకు దిగవు. అయినా తేడా వినిపిస్తుంది. కింది స్వరంలో మన చెవికి అందేది ఎక్కువగా దాని పై పొరలే, అంటే దాంతోపాటు మోగే పై స్వరాలే; పొడవు తీగ మీద అవి శుభ్రంగా వస్తాయి. గ్రాండ్ పియానో కింది మెట్లు చిన్న పియానో కన్నా తేటగా ఉండటానికి తీగల పొడవే పెద్ద కారణం.

కొనమంటారా అని అడిగితే, నాకు బావ ఉన్నాడు, వారం వారం చర్చిలో మంచి సౌండ్ ఉంది, రోజూ జిరాక్స్ షాపు మీద బతుకు నడుస్తోంది. ఇవన్నీ ఉండబట్టి నేను దీన్ని అమ్ముకోను. పెళ్లిళ్ల మీదే బతికే కుర్రాడైతే మాత్రం ముందు తీగలు ఎక్కడ దొరుకుతాయో చూసుకుని ఆ తర్వాతే బాస్ సంగతి ఆలోచించాలి.

తెగిన ఆ 'బి' తీగ అమ్మ దగ్గరుంది. వంటింటి సింకు పైపు జామైతే దాంతోనే పొడుస్తుంది. పొడవు సరిగ్గా సరిపోయిందట.