పొందూరు ఖద్దరు: ఒక వేసవంతా పిల్లలకి వేసి చూశాక

పిల్లలకి వేసవి బట్టల కోసం శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లేవాళ్లకి ముందుగా రెండు మాటలు. సన్న ఖద్దరు జోలికి పోకండి, ముతక రకమే తీసుకోండి. కుట్టించే ముందు గుడ్డని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఈ రెండూ మార్చిలోనే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఒక చొక్కా గుడ్డ దండగయ్యేది కాదు. అది తప్ప మిగతాదంతా నచ్చింది, చాలా నచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మేం విజయనగరంలో ఉంటాం. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఎనిమిది. ఏప్రిల్ వచ్చేసరికి పాపకి మెడ వెనకాల, వీపు మీద చెమటకాయలు లేస్తాయి, రాత్రిళ్లు గోక్కుని గోక్కుని ఏడుస్తుంది, పౌడర్లు రాసినా పూటకే. మా వైపు ఒట్టి ఎండైతే ఎలాగో తట్టుకోవచ్చు గానీ సముద్రం దగ్గర కావడంతో ఉక్కపోత, చెమట పట్టింది పట్టినట్టే ఉంటుంది, ఆరదు. పోనీ ఇంట్లో ఫ్యాను కింద కూర్చోబెడదామంటే ఈసారి సెలవులన్నీ తిరుగుడే. పొందూరు దగ్గర మా ఆడపడుచు వాళ్లింట్లో నాలుగు రోజులు, కళింగపట్నం వైపు పిల్లల క్యాంపు ఐదు రోజులు, ఆ తర్వాత ఉద్దానంలో మా కన్నవారింట్లో మూడు వారాలు, మధ్యలో ఒక పెళ్లి. అన్నీ ప్యాసింజర్ రైళ్లు, బస్సులు, ఆటోలు. పాప వీపు గురించి నాకు టెన్షన్ మార్చి నుంచే మొదలైంది. మా వదినే ఫోన్లో అంది, "ఊరికే మందులు కొనే బదులు ఓసారి మా ఊరు రా, ఖద్దరు కుట్టిద్దాం" అని.

అలా మార్చిలో ఒక ఆదివారం ప్యాసింజర్ ఎక్కి పొందూరు స్టేషన్లో దిగాను. పొందూరు ఖద్దరు పేరు మనందరికీ తెలిసిందే, గాంధీ గారు మెచ్చుకున్న గుడ్డ, అక్కినేని నాగేశ్వరరావు గారు కట్టిన పంచెలు. కానీ అదే జిల్లాలో పుట్టి పెరిగి కూడా అది ఎలా తయారవుతుందో నేను ఒక్కసారీ చూడలేదు. వదిన వాళ్ల వీధిలో ఒక పెద్దావిడ ఇప్పటికీ నూలు వడుకుతారు, దుకాణానికి వెళ్లే ముందు ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ చేతిలో వాలుగ చేప దవడ ఉంది. వేలెడంత ఉంటుంది, దాని మీద సన్నటి పళ్లు దగ్గర దగ్గరగా, చిన్న దువ్వెనకి ఉన్నట్టు. పట్టుకోవడానికి వీలుగా ఒక పుల్లకి కట్టారు. గింజ తీయని పత్తి ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆ పళ్లతో నెమ్మదిగా లాగుతుంటే పీచు మొత్తం ఒక వైపుకి సాఫుగా వస్తుంది, చెత్త, నలక అంతా పళ్లకి చిక్కి ఉండిపోతుంది. "చూడమ్మా, చంటిపిల్లకి తల దువ్వినట్టే" అన్నారు. నేను తీసుకుని ప్రయత్నిస్తే పీచు తెగిపోయింది. ఆ తర్వాత గింజ తీయడం, దూదిని ఏకి విడదీయడం, ఏకులుగా చుట్టడం, అప్పుడు ఒకే కదురున్న రాట్నం మీద వడకడం, అన్నీ చేత్తోనే. ఏ యంత్రమూ దారాన్ని బిగించి మెలిపెట్టదు కాబట్టి నూలు కాస్త వదులుగా ఉంటుంది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆ వదులు వల్లే గుడ్డలోంచి గాలి ఆడుతుంది, చెమటని పీల్చుకుంటుంది. ఇవన్నీ ఆవిడ మామూలుగా, చేతి పని ఆపకుండా చెప్పారు. రోజంతా కూర్చుని వడికితే చేతికొచ్చే డబ్బులు బయట కూలికి వెళ్తే వచ్చేదాంట్లో సగం కూడా ఉండవని కూడా చెప్పారు, ఇద్దరు కోడళ్లూ ఈ పని నేర్చుకోలేదట. గుడ్డ ధర ఎక్కువని మనం అంటాం కదా, నాకు ఆ మాట దగ్గర చాలా బాధేసింది.

ఇక గుడ్డ సంగతి. దుకాణంలో సన్న రకం చూపిస్తే చేతిలోంచి జారిపోయేంత మెత్తగా ఉంది. అది వంద నంబరు నూలట. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, ధర పెరుగుతుంది, పంచెలైతే వేలల్లోనే. నేను మోజుపడి బాబు చొక్కాకి ఆ సన్న గుడ్డ మీటరున్నర తీసుకున్నాను, అది తప్పయింది. మిగతావి ముతకే: పాపకి మూడు గౌన్లు, బాబుకి మూడు చొక్కాలు, రెండు తువ్వాళ్లు, ఒక దుప్పటి. మామూలు మిల్లు గుడ్డ లెక్కన చూస్తే రెండింతల పైనే అయింది, కుట్టుకూలి వేరే. అందుకే ఎండాకాలం మొత్తానికి వేరే బట్టలు కొనలేదు.

కుట్టే దగ్గర ఒక దెబ్బ తగిలింది. మా వీధిలో టైలరుకి సన్న గుడ్డ ఒక్కటే ముందు ఇచ్చాను, ఆయన తడపకుండానే కొలత పెట్టి కత్తిరించేశారు. మొదటి ఉతుకుకే చేతులు రెండు వేళ్లు పైకి పోయాయి, బొత్తాల దగ్గర పట్టేసింది, బాబుకి ఎక్కలేదు. ముతక గుడ్డలన్నీ నేనే ఇంట్లో నానబెట్టి, ఆరేసి, అప్పుడిచ్చాను, పైగా ఒక అంగుళం ఎక్కువే వదలమన్నాను. అవి ఇప్పటికీ సరిపోతున్నాయి. పిల్లలకి కాబట్టి అడుగున మడత కూడా పెట్టించుకోండి, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు.

ఏప్రిల్లో మళ్లీ పొందూరు. ఆ నాలుగు రోజులూ పాప ఖద్దరు గౌన్లలోనే ఉంది. మొదటి రోజు గరగరలాడుతోందని పేచీ పెట్టింది, నిజమే, కొత్త గుడ్డ కాస్త గరుగ్గానే ఉంటుంది, దానికి తోడు నేను గంజి పెట్టాను. పిల్లల బట్టలకి గంజి వద్దు. వదిన చెప్పాక గంజి లేకుండా రెండుసార్లు ఉతికేసరికి మెత్తబడింది, తర్వాత పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆదివారం అరసవల్లి వెళ్లాం, సూర్యనారాయణ స్వామికి ఆదివారం జనం ఎంతుంటారో తెలిసిందే, లైన్లో రెండు గంటలు. నా చీర సింథటిక్‌ది, వీపుకి అంటుకుపోయి నరకం చూశాను. పాప వీపు మీద చెయ్యి పెట్టి చూస్తే గౌను తడిగా ఉంది, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది. ఆ నిమిషంలో అనుకున్నాను, పెట్టిన డబ్బు ఎక్కడికీ పోలేదని.

క్యాంపు దగ్గరికి వస్తే, పేరు రాయను, మంచివాళ్లే. తల్లులు కూడా ఉండొచ్చు అన్నారు కాబట్టి నేనూ ఉన్నాను. పొద్దున్నే ఇసుకలో ఆటలు, ఒక రోజు వంశధార సముద్రంలో కలిసేచోటికి, ఒక రోజు శాలిహుండం కొండ ఎక్కించారు. కొండ మీద బౌద్ధ స్తూపాల ఇటుకల మధ్య నిలబడి కింద వంశధారని చూసి మా వాడు చాలాసేపు కదల్లేదు. కానీ ఒక తప్పు చేశారు, పిల్లలందరికీ క్యాంపు బొమ్మ వేసిన పాలియెస్టర్ టీషర్టులిచ్చి రోజంతా అవే వేయమన్నారు. రెండో రోజు సాయంత్రానికి పాప మెడంతా ఎర్రగా పొక్కిపోయింది. నేను వెళ్లి మాట్లాడాను, ఫొటోలకి మాత్రం టీషర్టు, మిగతా టైమంతా ఖద్దరు అని ఒప్పుకున్నారు. మూడో రోజుకి ఎరుపు తగ్గింది, ఐదో రోజుకి మామూలైపోయింది. మందేమీ రాయలేదు. ఇంకో ఇద్దరు తల్లులు అప్పుడే నన్ను పొందూరు దారి అడిగారు.

అదే క్యాంపులో ఖద్దరుకున్న పెద్ద లోపం కూడా బయటపడింది. తడిస్తే బరువు, ఆరడానికి చాలాసేపు పడుతుంది. సముద్రంలో ఆడుకుని వచ్చిన చొక్కా ఆ గాలికి సాయంత్రం ఆరేస్తే తెల్లారేసరికి ఇంకా చెమ్మగానే ఉంది, ఉప్పుకి బిరుసెక్కింది కూడా. మంచినీళ్లలో రెండుసార్లు జాడిస్తే గానీ దారికి రాలేదు. నీళ్లలో ఆటలకి వేరే పాత బట్టలు పెట్టుకోవాల్సిందే. బ్యాగులో కూడా చోటెక్కువ తింటుంది, మడత పెట్టిన నాలుగు ముతక జతలు మిల్లు బట్టల ఎనిమిది జతలంత. దుప్పటి సంగతి వేరు, అది రైల్లో పరుచుకున్నాం, క్యాంపులో కప్పుకున్నాం, పలాసలో దిగాక ఆటోలో ఎండకి అడ్డం కట్టుకున్నాం, ఏమీ కాలేదు.

ఉద్దానంలో మూడు వారాలూ పిల్లలు తోటలోనే ఉన్నారు. కొబ్బరి, జీడి, పనస, నీడకి లోటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా నాన్న తోటలో జీడి చెట్లు సగానికి సగం కూలిపోయాయి, ఆ ఏడు ఆయన తోటలోకి వెళ్లడమే మానేశారు. తర్వాత పెట్టిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. మనవడు ఆ చెట్టెక్కి పండు కోయడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది, ఎవరూ వాణ్ణి దిగమని అనలేదు.

అక్కడే మరక పడింది. జీడి పండు కొరికితే రసం గడ్డం మీదుగా కారి చొక్కా ముందు భాగమంతా తడిసింది. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లలాగే ఉంటుంది, ఏమీ కనపడదు, నేనూ పట్టించుకోలేదు. ఉతికి ఆరేసిన మర్నాడు చూస్తే తెల్ల ఖద్దరు మీద గోధుమరంగు మచ్చలు, మెడ దగ్గర నుంచి జేబు దాకా ఒక చార. సబ్బు, నిమ్మకాయ, ఎండలో పెట్టడం, అన్నీ అయ్యాయి. మా అమ్మ నవ్వి "జీడి మరక గుడ్డతోనే పోద్ది, వదిలెయ్" అంది. రంగుల ఖద్దరు మీద అంతగా తెలీదు, కాబట్టి తోటలున్న ఊళ్లకి వెళ్లేవాళ్లు తెలుపు కొనకండి. జీడి పిక్కల దగ్గరికి మాత్రం పిల్లల్ని వెళ్లనివ్వకండి, పచ్చి పిక్క తొక్కులో ఉండే నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది, ఏ గుడ్డా దాన్ని ఆపదు.

మందస దగ్గర పెళ్లిలో మా పెద్దత్త "అందరి పిల్లలూ తళతళలాడుతుంటే నీ పిల్లలకి ఖద్దరేంటే" అని నలుగురిలో అంది. నాకు చివుక్కుమంది. మధ్యాహ్నం భోజనాల టైముకి షేర్వానీలు వేసుకున్న పిల్లలు ఒక్కొక్కరూ ఏడుస్తూ విప్పేస్తుంటే మా ఇద్దరూ మందస కోవా తింటూ పందిట్లో పరుగులు పెడుతున్నారు. సాయంత్రం పెద్దత్తే వచ్చి పాప గౌను అంచు పట్టుకుని చూసి, మనవరాలికి ఎంత గుడ్డ పడుతుందో అడిగింది.

ఇంకో జాగ్రత్త. మే నెలాఖరున విజయనగరంలో ఒక ఎగ్జిబిషన్లో "పొందూరు" అని బోర్డు పెట్టి సగం ధరకి చొక్కాలు అమ్ముతుంటే మా ఆయన ఒకటి కొన్నారు. ఇంటికొచ్చి మా గుడ్డ పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోయింది. దారమంతా ఒకే లావు, ఎక్కడా పొందిక తప్పదు. అంచు నుంచి ఒక పోగు తీసి కాలిస్తే బూడిద కాకుండా కరిగి గట్టి పూసలా అయింది, అంటే పాలియెస్టర్ కలిసింది. నూలు పోగైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. కాలిస్తే పాలియెస్టర్ ఉందో లేదో తెలుస్తుంది గానీ చేత్తో వడికిందా మిల్లుదా అన్నది తెలీదు, దానికి వెలుతురుకి ఎత్తి పట్టుకుని దారం హెచ్చుతగ్గులు చూడాలి, అసలైన ఖాదీకి వేసే ఖాదీ మార్క్ ముద్ర ఉందో లేదో అడగాలి. వీలైతే ఊరికే వెళ్లి కొనండి, స్టేషన్ ఉంది, కష్టమేం లేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆరడం ఆలస్యమని, సైజులు కుట్టించుకోక తప్పదని ఒకటి తగ్గించాను. జూన్ 12న బడి తెరిచేసరికి పాప వీపు మీద ఒక్క పొక్కు లేదు, ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. బిగుతైన సన్న చొక్కాని మా తమ్ముడి కొడుక్కి ఇచ్చాను, వాడికి సరిగ్గా సరిపోయింది. జీడి మరక చొక్కా కూడా ఇద్దామంటే మా వాడు ఒప్పుకోలేదు, అది తాతగారి చెట్టుదట, ఇంట్లో ఇప్పటికీ అదే వేసుకుంటున్నాడు. దసరాకి మళ్లీ పొందూరు వెళ్తున్నాం, ఈసారి ఆ వంద నంబరు రకంలో మా నాన్నకి ఒక పంచె.