సొంతంగా బిల్డ్ చేసుకున్న లైనక్స్ కెర్నెల్: వేగం కోసమైతే వద్దు

కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాములనీ కలిపి నడిపించే లైనక్స్ గుండెకాయ. దాన్ని సోర్స్ కోడ్ నుంచి మనమే కంపైల్ (అంటే బిల్డ్) చేసుకుంటే లాప్‌టాప్ పరుగులు పెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. విజయవాడలో పాత నాలుగు కోర్ల లాప్‌టాప్ మీద, డెబియన్ అనే లైనక్స్ రకంలో, కొన్నేళ్లుగా నా కెర్నెల్ నేనే బిల్డ్ చేసుకుని వాడుతున్నాను. బూట్ కాస్త త్వరగా అవుతుంది. బ్రౌజర్ తెరవడంలో మాత్రం నాకు ఏ తేడా తెలియలేదు.

మరి ఎందుకీ తిప్పలంటారా? ఒక కొత్త వెర్షన్ వచ్చాక లాప్‌టాప్ మూత వేసి తీస్తే టచ్‌ప్యాడ్ పలకడం మానేసింది. ఒక వెర్షన్‌కీ ఇంకోదానికీ మధ్య పదివేలకు పైగా మార్పులు ఉంటాయి. ఏ మార్పుతో చెడిందో వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ కమాండ్‌తో ప్రతిసారీ సగం పక్కకు తోసుకుంటూ వెళ్తే సుమారు పద్నాలుగు బిల్డ్‌లలో అసలు దోషి దొరుకుతుంది. ఆ ఒక్క మార్పునీ తీసేసి హాయిగా పని చేసుకున్నాను. నా లెక్కలో పడ్డ కష్టానికి ఫలితం ఇదే.

డెబియన్ కాన్ఫిగ్‌తో, అంటే కెర్నెల్‌లో ఏమేం ఉండాలో చెప్పే సెట్టింగుల ఫైల్‌తో, బిల్డ్ పెడితే ఇలాంటి మెషీన్ మీద గంటలు పడుతుంది. మన దగ్గర లేని హార్డ్‌వేర్‌కి కూడా అందులో డ్రైవర్లుంటాయి మరి. బిల్డ్ నడిపించే కమాండ్ మేక్. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొడితే ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లే (విడిగా లోడయ్యే డ్రైవర్ల వంటి ముక్కలు) మిగులుతాయి. కాబట్టి ముందుగా ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్ అన్నీ తగిలించండి. ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ కూడా ఆన్ చేయండి. కరెంటు పోతే రూటర్ కూడా పోతుంది, అప్పుడు నెట్‌కి ఫోనే దిక్కు. తప్పులు వెతకడానికి పనికొచ్చే డీబగ్ ఇన్ఫో ఆపేయండి, లేకపోతే బిల్డ్ ఫోల్డరే పది జీబీ దాటుతుంది. డెబియన్ కాన్ఫిగ్‌లోని ట్రస్టెడ్ కీస్ (నమ్మదగిన సంతకాల సర్టిఫికెట్ ఫైల్) దారిని ఖాళీ చేయకపోతే, ఆ సర్టిఫికెట్ ఫైల్ దొరకలేదంటూ బిల్డ్ ఆగిపోతుంది.

మే నెలలో పగలు బిల్డ్ జోలికి పోకండి. బయట నలభై డిగ్రీలు దాటాక ప్రాసెసర్ వేడికి తట్టుకోలేక తనే వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాన్ గోల అదనం. నేను రాత్రి భోజనాలయ్యాక పెడతాను. మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా చేతులెత్తేసినా టెన్షన్ అక్కర్లేదు. మళ్లీ మేక్ కొడితే ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఒక్కోసారి సున్నా సైజు ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన ముక్కలు) మిగిలిపోయి, వాటిని కలిపే లింకింగ్ దగ్గర ఎర్రర్ వస్తుంది. వాటిని వెతికి డిలీట్ చేస్తే చాలు, అన్నీ తుడిచేసే మేక్ క్లీన్‌తో మొదటికి రావాల్సిన పనిలేదు.

నాకు విసుగు తెప్పించేది అప్‌డేట్లు. స్టేబుల్ వెర్షన్లు దాదాపు వారానికొకటి వస్తాయి, భద్రతా సవరణలన్నీ వాటిలోనే. డెబియన్‌లో అప్‌డేట్లు చూసుకునే అప్ట్ మన కెర్నెల్‌ని పట్టించుకోదు, ఆ కాపలా మనదే. అందుకే 2024 నవంబరులో వచ్చిన 6.12 ఎల్‌టీఎస్‌నే (ఏళ్ల తరబడి సవరణలు అందే వెర్షన్) పట్టుకున్నాను. మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ పాత కాన్ఫిగ్‌ని కొత్తదానికి సర్దిపెడుతుంది, మేక్ బైండెబ్‌-పీకేజీ డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే డెబ్ ఫైళ్లు చేసి ఇస్తుంది కాబట్టి నచ్చకపోతే మామూలు ప్యాకేజీలాగే తీసేయొచ్చు. డెబియన్ కెర్నెల్ మాత్రం బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఎంచుకునే గ్రబ్ మెనూలో ఎప్పుడూ ఉండాల్సిందే. సంతకం లేని కెర్నెల్‌ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపకూడని ఆఫీసు లాప్‌టాప్ అయితే మాడ్యూళ్లకీ కెర్నెల్‌కీ సొంత కీతో సంతకం చేయాలి. నేనైతే ఆఫీసు మెషీన్ మీద ఈ పని పెట్టుకోను.