మెడకి ఆపరేషన్ చెప్పారా? సత్యనారాయణపురం ఫిజియో సెంటర్‌తో నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్‌లో మెడకి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాను, దాని గురించే ఈ రివ్యూ. కాకపోతే ఆపరేషన్ చేయించుకోవాలా, ఇంకేదైనా చూడాలా అని నిద్రపట్టక ఫోన్‌లో వెతుక్కునేవాళ్లకి సెంటర్ బాగుంది అని ఒక్క ముక్క చెబితే ఏం లాభం, అందుకే దానికి ముందూ తర్వాతా ఎక్కడెక్కడికి వెళ్లానో, ఎవరేం చేశారో కూడా రాస్తున్నాను.

నాది మగ్గం వర్క్. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున ఫ్రేమ్ ముందు కూర్చుంటే రాత్రిదాకా తల వంచే ఉంటుంది. మెడ పట్టేయడం ఏళ్ల తరబడి ఉన్నదే, కానీ ఈసారి నొప్పి భుజం మీదుగా కిందికి దిగి, బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కిపోయి, సూది చేతిలో ఉందో జారిపోయిందో కళ్లతో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఎమ్మారైలో సీ5-సీ6 (మెడలో అయిదో, ఆరో ఎముకలు) మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోందని రాశారు.

మొదట వెళ్లింది ఒక పెద్ద హాస్పిటల్‌కి. పేరు రాయను. ఫిల్మ్ లైట్‌కి పెట్టి చూశారు, ఆలస్యం చేస్తే చెయ్యి పడిపోతుందన్నారు, ప్యాకేజీ వివరాలకి కౌంటర్‌కి పంపారు. చెయ్యి ఎలా ఉందని అడగలేదు, కనీసం పట్టుకుని చూడలేదు. ఇన్సూరెన్స్ ఉందా అని మాత్రం ఇద్దరు అడిగారు. రోగి అంత భయంలో ఉన్నప్పుడు అలా మాట్లాడటం చాలా తప్పు.

సెకండ్ ఒపీనియన్‌కి సూర్యారావుపేటలో ఇంకో స్పైన్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఈయన ఫిల్మ్ కవర్ పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. తల నొప్పి ఉన్న వైపుకి వంచి మెల్లగా నొక్కి, చేతిలోకి లాగుతోందా అని అడిగారు. సుత్తితో మోచెయ్యి దగ్గర కొట్టి చూశారు. మధ్యవేలి గోరు చివర చిటికేసినట్టు వదిలి, బొటనవేలు దానంతటదే ముడుచుకుంటోందేమో గమనించారు. మడమకి వేళ్లు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమన్నారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా, నడకలో తూలుతోందా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా అని ఒక్కొక్కటీ అడిగారు. అవేవీ లేవు, చేతి బలం తగ్గలేదు, అంటే నొక్కుకున్నది పక్కకి వచ్చే నరం మాత్రమే, వెన్నుపాము కాదు అని బొమ్మ గీసి చెప్పారు. ఇలాంటి నరం నొప్పి ఎక్కువమందికి వారాల్లోనో కొన్ని నెలల్లోనో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందట, బయటికి వచ్చిన డిస్క్ ముక్క చాలాసార్లు దానంతటదే కుంచించుకుపోతుందట.

ఇంటికొచ్చి చదివాను. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించిందని 2015లో ప్రచురించారు. రిపోర్ట్‌లో బల్జ్ అన్న మాట చూసి గుండె జారిపోయేవాళ్లంతా ఈ అంకె గుర్తుపెట్టుకోండి. స్వీడన్‌లో 81 మంది మీద చేసిన ఇంకో అధ్యయనం 1997లో వచ్చింది, చేతిలోకి లాగే నొప్పికి కొందరికి ఆపరేషన్, కొందరికి ఫిజియో, కొందరికి మెడ కదలకుండా పెట్టే కాలర్. ఆపరేషన్ అయినవాళ్లకి ముందుగా ఉపశమనం వచ్చింది, ఏడాది తిరిగేసరికి మూడు గుంపుల మధ్యా పెద్ద తేడా లేదు.

ఆపరేషన్ అంటే మెడ ముందు వైపు నుంచి కోసి, డిస్క్ తీసేసి, ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, ప్లేటూ స్క్రూలతో రెండు ఎముకల్ని ఒకటి చేయడం. చేతి నొప్పికి బాగా పనిచేస్తుంది, ఉత్త మెడ నొప్పికి మాత్రం అంత గ్యారంటీ లేదని సర్జన్ గారే చెప్పారు. కొన్నాళ్లు మింగడానికి ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం ఉండొచ్చు, ఏళ్లు గడిచాక పై డిస్కో కింది డిస్కో అరిగే అవకాశం ఉంది.

ఇక ఫిజియో సెంటర్. ఇక్కడ మేడమ్ మొదటిరోజు నన్ను మెషిన్ దగ్గరికి తీసుకెళ్లలేదు, మగ్గం మీద పని చేస్తున్నప్పుడు పక్కనుంచి వీడియో తీయించుకుని రమ్మన్నారు. అది చూసి ఫ్రేమ్ కింద స్టాండ్ ఎత్తు పెంచి, నా వైపు కాస్త వాలుగా పెట్టుకోమన్నారు. ఈ ఒక్క మార్పుతోనే సాయంత్రం మెడ బరువు సగం తగ్గింది. ఆ తర్వాత వ్యాయామాలు. గడ్డం కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి పట్టి ఉంచడం చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది, కానీ నేను చేస్తుంటే ఆవిడ రెండు వేళ్లు నా మెడ పక్కన ఆనించి, పైకి కనిపించే పెద్ద కండరం గట్టిపడితే "వద్దండీ, లోపలి కండరంతో లాగండి, మళ్లీ" అని ఓపిగ్గా చేయించేవారు. అరచేయి నుదుటికి ఆనించి తల కదలకుండా తోయడం, భుజపు రెక్కలు దగ్గరికి లాగడం తర్వాత కలిపారు. కరెంట్ పెట్టించుకుని ఇంటికెళ్లిపోవడమే ఫిజియో అనుకునేవాళ్లు ఒకసారి ఇలాంటి చోటు చూడాలి. వెంటనే ఏమీ తగ్గలేదు, మొదట్లో ఇంకాస్త నొప్పి కూడా వచ్చింది. నెలల మీద చేతి లాగుడు పోయింది, బొటనవేలి కొనలో కొద్దిగా మొద్దుబారినట్టు ఇంకా ఉంది.

మధ్యలో అక్క పట్టుబడితే ఆయుర్వేదంలో గ్రీవ బస్తి చేయించుకున్నాను. మినపపిండి ముద్దతో మెడ వెనక గట్టులా కట్టి అందులో గోరువెచ్చని తైలం పోస్తారు, చల్లారితే దూదితో తీసి మళ్లీ వేడిది పోస్తారు. హాయిగా ఉంటుంది, బిగుసుకున్న కండరాలు వదులై ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. వేళ్ల తిమ్మిరికి మాత్రం ఏ మార్పూ లేదు. ఉపశమనానికి మంచిదే, అదొక్కటే నమ్ముకోవద్దు.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ అటూ ఇటూ టక్కుమని తిప్పించుకోవడం మాత్రం దయచేసి వద్దు. మెడ ఎముకల గుండానే మెదడుకి రక్తనాళాలు వెళ్తాయి, ఆ కుదుపుకి అరుదుగానైనా లోపలి పొర చిరిగితే పక్షవాతం వస్తుంది. 2022లో హైదరాబాద్‌లో పార్లర్‌లో మెడ వెనక్కి వంచి తల కడిగించుకుంటుంటే ఒకావిడకి స్ట్రోక్ వచ్చిన వార్త చాలామంది చదివే ఉంటారు.

నా సంగతి ఇలా ఉంటే మా బావగారిది పూర్తిగా వేరు. ఆయనకి నొప్పి పెద్దగా లేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. అన్నం కలుపుతుంటే ముద్ద జారేది, గుండీలు అక్క పెట్టేది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవారు. అది వెన్నుపామే నొక్కుకుపోవడం. అలాంటప్పుడు తైలాలు, ట్రాక్షన్ (మెడని బరువుతో లాగి ఉంచడం) అంటూ కాలం గడపకూడదు, ఆయనకి ఆపరేషన్ చేశారు, నడక నిలకడకి వచ్చింది, వేళ్ల పనితనం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారు సర్జన్. చేతి పట్టు తగ్గుతున్నా, నడక తూలుతున్నా ఫిజియో గురించి నేను రాసిందంతా పక్కన పెట్టి ముందు సర్జన్‌కి చూపించండి.

సెంటర్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లకి కష్టం. సాయంత్రాలు రద్దీ ఎక్కువ, అప్పుడు మేడమ్ బదులు అసిస్టెంట్లు చూస్తారు, వాళ్లు అంత నిదానంగా చేయించరు. పొద్దున వెళితే మేడమే దగ్గరుండి చూస్తారు. ఎమ్మారై ఫిల్మ్, రిపోర్ట్ రెండూ తీసుకెళ్లండి, పనిచేసేటప్పటి వీడియో కూడా.