టెంపరరీ హెయిర్ కలర్: స్ప్రే, చాక్‌ల కన్నా వ్యాక్స్‌కే నా ఓటు

పార్లర్‌లో ఈ మూడూ చాలామంది తలలకు పెట్టాను కాబట్టి చెబుతున్నాను, ఒక్కరోజు కోసం, అదీ నల్ల జుట్టు మీద రంగు కనిపించాలంటే కలర్ వ్యాక్స్ తీసుకోండి. బ్లీచ్ అక్కర్లేదు, అమోనియా, పెరాక్సైడ్‌ల పని లేదు, ఎందుకంటే రంగు జుట్టు లోపలికి వెళ్లదు, పైన పూతలా ఉండిపోతుంది.

కాకపోతే పెట్టే చేతిని బట్టే ఉంటుంది. కాస్త తడిగా ఉన్న జుట్టును సన్నటి పాయలుగా విడదీసి, గ్లవ్స్ వేసుకున్న వేళ్ల మధ్య ఒక్కో పాయనూ పట్టి పైనుంచి చివరిదాకా రుద్దుకుంటూ రావాలి. తొందరపడి ఎక్కువ మెత్తితే పాయ అట్టకట్టేస్తుంది, ఆరాక దువ్వితే భుజాల మీద రంగు పొడి రాలుతుంది.

స్ప్రే ఐదు నిమిషాల పని, కానీ జుట్టు పీచులా అయిపోతుంది, నాకు నచ్చదు. గాలి ఆడేచోట, ముఖానికి అడ్డం పెట్టి కొట్టాలి, మంట దగ్గర అసలు వద్దు. చాక్ చివర్ల వరకు పర్లేదు.

ఒకసారి ఒకమ్మాయికి నీలం స్ప్రే కొట్టాం. డబ్బా మీద ఒక్క వాష్‌తో పోతుందని రాసుంది. మూడుసార్లు తలస్నానం చేసినా చివర్లలో ఆకుపచ్చ మరక పోలేదని ఏడుపు ముఖంతో తిరిగొచ్చింది పాపం. ఆ చివర్లు ఎప్పుడో బ్లీచ్ చేయించుకున్నవట, మేం అడగలేదు, తప్పు మాదే. బ్లీచ్ పడిన జుట్టుకు పైపొర విచ్చుకుని ఉంటుంది, రంగును పీల్చేసుకుంటుంది, అడుగున పసుపు ఉంటుంది కాబట్టి మిగిలిన నీలం కాస్తా ఆకుపచ్చగా కనబడుతుంది. అప్పట్నుంచి బ్లీచ్ సంగతి అడగకుండా, వెనకవైపు ఒక చిన్న పాయకు పెట్టి కడిగి చూడకుండా నేను మొదలుపెట్టను. మీ పార్లర్‌లో అడగకపోతే మీరే చెప్పండి.

ఇంకోటి, టెంపరరీ అంటూ సెమీ పర్మనెంట్ పెట్టేవాళ్లున్నారు, అది పోవడానికి చాలా వాష్‌లు పడుతుంది. డబ్బా చూపించమని అడగండి, మొహమాటం వద్దు. అందులో పీపీడీ (కొందరికి అలర్జీ తెప్పించే రంగు రసాయనం) ఉంటే 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్, అంటే చర్మం మీద కొంచెం రాసి చూడటం, చేయించుకోవాల్సిందే.

వ్యాక్స్ వానకు, చెమటకు కారుతుంది, కాబట్టి తెల్ల బట్టలు వేసుకోకండి. పడుకునే ముందు షాంపూతో రెండుసార్లు కడిగేయండి. నేను బద్ధకించి అలాగే పడుకున్న రోజు దిండు గలీబుకు అంటిన ఎరుపు ఇప్పటికీ పోలేదు.